ఫ్లడ్‌లైట్ల ఖర్చు తగ్గాలంటే కిక్ ఆఫ్ ఎన్నింటికి పెట్టాలి?

చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం రెండున్నర దాటాక మా ఫుట్‌బాల్ క్లబ్ మీటర్ గదిలోకి వెళ్లి రీడింగ్ రాసుకున్నాను. ఆకాశమంతా మబ్బు. మూడింటికి కిక్ ఆఫ్ (ఆట మొదలు) పెట్టిన మ్యాచ్‌కి మొదటి నుంచే లైట్లు వెయ్యక తప్పలేదు. స్విచ్ వెయ్యగానే చోక్‌లు గుయ్‌మన్నాయి. దీపాలు మొదట మసక మసకగా వెలిగి, ఐదు నిమిషాలకి గానీ తెల్లబడలేదు. మ్యాచ్ అయిపోయింది, వలలు విప్పాం, కార్నర్ జెండాలు లోపల పెట్టాం. ఆఖరి మనిషి గేటు దాటాక లైట్లు ఆపి మళ్లీ మీటర్ చూశాను. 131 యూనిట్లు అయ్యాయి. అదే మ్యాచ్ గంటంపావు ముందు మొదలుపెట్టి ఉంటే అందులో చాలా భాగం ఖర్చయ్యేది కాదు.

ఆ రోజు నుంచి ఈ లెక్క మీద కూర్చున్నాను. చిన్న క్లబ్ నడిపేవాళ్లకి, గ్రౌండ్ చూసుకునేవాళ్లకి, లీగ్ కమిటీలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని నేను చేసిన వరుసలోనే రాస్తున్నాను.

పొద్దు ఉండగానే మ్యాచ్ ముగించడం కొత్త ఆలోచనేమీ కాదు. కరెంటు దీపాల కింద ఫుట్‌బాల్ ఆడి చూడటం 1878లోనే జరిగింది. ఆ ఏడాది అక్టోబర్ 14న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, బ్రామాల్ లేన్ మైదానంలో ఆడారు. అయినా ఫ్లడ్‌లైట్లు మామూలు సంగతి కావడానికి ఇంకో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. అప్పటిదాకా చలికాలం వస్తే పొద్దు చూసుకుని మ్యాచ్ పెట్టుకునేవాళ్లు. 1973-74 చలికాలంలో బ్రిటన్‌లో ఇంధనం కొరత వచ్చి, ఫ్లడ్‌లైట్ల వాడకంపై నిషేధం పెట్టినప్పుడు క్లబ్బులు మళ్లీ అదే పద్ధతికి వెళ్లాయి. మ్యాచ్‌లు మధ్యాహ్నానికి ముందుకు జరిగాయి. ప్రొఫెషనల్ క్లబ్బులు ఆదివారం ఆడటం కూడా అప్పుడే మొదలైంది. ఇంగ్లిష్ లీగ్‌లో ఆదివారం నాటి మొదటి మ్యాచ్ 1974 జనవరి 20న మిల్వాల్, ఫుల్‌హామ్ మధ్య జరిగింది. 2022లో యూరప్‌లో కరెంటు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు కూడా ఇంగ్లండ్ కింది స్థాయి లీగుల్లో కొన్ని క్లబ్బులు ఇదే దారి పట్టాయి.

మొదటి పని: మీ లైట్లు ఎంత తింటున్నాయో కొలవండి

బిల్లు చూసి అంచనా వెయ్యకండి. బిల్లులో క్లబ్ హౌస్, పంపు, గీజర్, ఫ్రిజ్ అన్నీ కలిసి ఉంటాయి. మీటర్ దగ్గరకి వెళ్లి లైట్లు వేసే ముందు ఒకసారి, ఆపాక ఒకసారి రీడింగ్ రాసుకోండి. పక్కన టైమ్ కూడా రాయండి. ఈ మధ్యలో క్లబ్ హౌస్‌లో ఎక్కువ కరెంటు లాగే యంత్రాలు నడవకుండా చూసుకుంటే లెక్క ఇంకా నికరంగా వస్తుంది. రెండు మూడు సార్లు ఇలా చేస్తే గంటకి ఎన్ని యూనిట్లో తేలిపోతుంది.

సరిచూసుకోవడానికి దీపాలు లెక్కపెట్టండి. నాలుగు స్తంభాలు, ఒక్కో దానికి ఆరు దీపాలు, ఒక్కోటి 2,000 వాట్ల మెటల్ హాలైడ్ (ఎల్‌ఈడీ కంటే పాత రకం దీపం) అనుకుందాం. మొత్తం 24 దీపాలు, 48 కిలోవాట్లు. చోక్‌లు తినేది కూడా కలిపితే 50 దాటుతుంది. అంటే గంటకి 50 యూనిట్లు పైమాటే. రెండున్నర గంటలు వెలిగితే 125 యూనిట్లు. సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లకి లైట్లు పడితే 1,500 యూనిట్లు. మీ దగ్గర ఎల్‌ఈడీ ఉంటే ఈ సంఖ్య చాలా తక్కువే రావచ్చు. అప్పుడు మ్యాచ్ టైమ్ మార్చడంలో మిగిలేది కూడా తక్కువే. అందరినీ ఇబ్బంది పెట్టే ముందు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

రెండో పని: మ్యాచ్‌కి నిజంగా ఎంతసేపు పడుతుందో లెక్కించండి

తొంభై నిమిషాలు అనుకుని లెక్కేస్తే మోసపోతారు. మొదటి సగం 45 నిమిషాలు, ఇంజురీ టైమ్ (ఆట ఆగినందుకు కలిపే నిమిషాలు) ఒక మూడు, విశ్రాంతి 15, రెండో సగం 45, చివర్లో ఇంజురీ టైమ్ ఒక ఏడు. మొత్తం 115 నిమిషాలు. ఎవరికైనా గట్టిగా దెబ్బ తగిలి స్ట్రెచర్ వచ్చిందంటే ఇంకా పెరుగుతుంది. మీ క్లబ్‌లో కిందటి పది మ్యాచ్‌లు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిశాయో రిఫరీ రిపోర్టుల్లోనో, మీ వాట్సాప్ గ్రూపులోనో దొరుకుతుంది. వాటిలో సగటు తీసుకోకండి. బాగా ఆలస్యమైన రెండిటిని తీసుకుని వాటి మీద ప్లాన్ చెయ్యండి.

కప్ మ్యాచ్ అయితే వేరే లెక్క. స్కోరు సమానమైతే ఎక్స్‌ట్రా టైమ్ ఇంకో అరగంట, మధ్యలో విరామాలు, ఆ పైన పెనాల్టీలు. మూడు గంటలు చేతిలో పెట్టుకోవాలి. ఎక్స్‌ట్రా టైమ్ లేకుండా నేరుగా పెనాల్టీలకి వెళ్లే వీలు ఆ పోటీ నిబంధనల్లో ఉందేమో, ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే డ్రా తీసే ముందే అడగండి. మ్యాచ్ రోజు అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

మూడో పని: పొద్దు గుంకే టైమ్ నుంచి వెనక్కి రండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. అలవాటైన టైమ్ పట్టుకుని ఒక గంట ముందుకు జరిపేస్తారు. అలా కాకుండా ఆఖరి విజిల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కించండి.

మీ ఊరి సూర్యాస్తమయం పట్టిక ఫోన్‌లో తియ్యండి. హోమ్ మ్యాచ్ ఉన్న ప్రతి తేదీకి ఎదురుగా ఆ రోజు సూర్యాస్తమయం రాయండి. పొద్దు గుంకాక కూడా కాసేపు వెలుతురు ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర అది ఇరవై నిమిషాలు పైచిలుకు, ఉత్తరానికో దక్షిణానికో దూరంగా వెళ్లేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ వెలుతురుని లెక్కలో వేసుకోకండి. దాన్ని ఆలస్యాలకీ, వలలు విప్పుకోవడానికీ వదిలెయ్యండి. మబ్బు పట్టిన రోజు అది ఉండీ లేనట్టే.

ఒక ఉదాహరణ చూడండి. సూర్యాస్తమయం 4:15కి. మబ్బు కోసం పావుగంట తీసేస్తే ఆఖరి విజిల్ 4:00కి పడాలి. అందులోంచి 115 నిమిషాలు తీస్తే 2:05. అవతలి జట్టు బస్సు ఆలస్యమైతే అని ఇంకో పది నిమిషాలు తీస్తే 1:55. నేనైతే 1:45 అని రాస్తాను. రెండు గంటలు అని రాయాలని చెయ్యి లాగుతుంది, గుండ్రని టైమ్ కదా. కానీ ఆ ఐదు నిమిషాలే చివర్లో లైట్లు వేయిస్తాయి.

తేదీల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోండి. ఉత్తరార్ధగోళంలో పగలు అతి తక్కువగా ఉండేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. కానీ పొద్దు అన్నిటికంటే తొందరగా గుంకేది ఆ రోజున కాదు, దానికి ముందే. లండన్ లాంటి చోట డిసెంబర్ 12 ప్రాంతంలో, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఇంకా ముందు. జనవరి నెలాఖరుకి సాయంత్రం వెలుతురు బాగానే తిరిగొస్తుంది. కాబట్టి సీజన్ మొత్తానికి ఒకే టైమ్ పెట్టాల్సిన పని లేదు. మూడు భాగాలు చేసుకోండి: మామూలు టైమ్, కొంచెం ముందు, బాగా ముందు. చలికాలంలో గడియారం గంట వెనక్కి తిప్పే దేశంలో ఉంటే, ఆ వారం సూర్యాస్తమయం ఒక్కసారిగా గంట ముందుకి వచ్చేస్తుంది. ఆ తర్వాత వచ్చే మొదటి హోమ్ మ్యాచ్‌కి ఎర్ర సున్నా చుట్టుకోండి. మొదటి ఏడాది మేం పట్టించుకోక దెబ్బతిన్నది సరిగ్గా ఆ మ్యాచ్ దగ్గరే.

నాలుగో పని: “చివరి ఇరవై నిమిషాలే కదా” అనే మాటని లెక్కలోంచి తీసెయ్యండి

మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకండి. కిక్ ఆఫ్ ముందుకు జరపడం వల్ల డబ్బు మిగలదు. స్విచ్ వెయ్యకపోవడం వల్ల మిగులుతుంది. ఈ రెండూ ఒకటే అనుకుని మేం కొన్ని వారాలు పోగొట్టుకున్నాం.

మెటల్ హాలైడ్ దీపం వేసిన వెంటనే పూర్తి వెలుతురు ఇవ్వదు, కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఒకసారి ఆపితే చల్లబడేదాకా మళ్లీ వెలగదు, దానికి పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. అందుకని చివరి ఇరవై నిమిషాలకి వెలుతురు కావాలంటే అరగంట ముందే వెయ్యాలి. వేశాక మ్యాచ్ అయ్యేదాకా ఆపలేరు. మాటిమాటికీ వేసి ఆపితే దీపం ఆయుష్షు కూడా తగ్గుతుంది.

దీనికి తోడు డిమాండ్ ఛార్జీ అని ఒకటి ఉంటుంది. మీ కనెక్షన్‌కి అది ఉందో లేదో బిల్లు వెనక్కి తిప్పి చూడండి. ఉంటే, వాడిన యూనిట్లతో పాటు ఆ నెలలో ఒక్కసారైనా ఎంత ఎక్కువ లోడ్ లాగారు అన్నదానికి కూడా విడిగా డబ్బు కట్టాలి. మీటర్ దాన్ని పదిహేను లేదా ముప్పై నిమిషాల సగటుగా పట్టుకుంటుంది. నెలలో మూడు మ్యాచ్‌లు లైట్లు లేకుండా ముగించి, నాలుగో మ్యాచ్‌లో ఒక్క అరగంట అన్ని దీపాలూ వేస్తే, యూనిట్లు మిగులుతాయి గానీ డిమాండ్ ఛార్జీ దాదాపు నాలుగు మ్యాచ్‌లకీ వేసినట్టే పడుతుంది. అందుకే మ్యాచ్‌ని అరగంట జరిపి అటూ ఇటూ కాకుండా వదిలేసే కంటే, జరిపితే పూర్తిగా జరపండి. వీలు కాకపోతే ఆ మ్యాచ్‌ని మామూలు టైమ్‌కే ఉంచండి, జనాన్ని ఊరికే తిప్పలు పెట్టొద్దు.

ఐదో పని: అడగాల్సిన వాళ్లందరినీ ముందే అడగండి

ముందు లీగ్ నిబంధనలు చూడండి. కిక్ ఆఫ్ మార్చాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అవతలి క్లబ్ ఒప్పుకోవాలా, లీగ్ సెక్రటరీ అనుమతి చాలా అన్నది అందులో ఉంటుంది. సీజన్ మొదలయ్యే ముందే మీ తేదీల పట్టిక మొత్తం ఒక్కసారిగా పంపిస్తే పని తొందరగా అవుతుంది. వారం ముందు ఒక్కో మ్యాచ్‌కి ఫోన్ చేస్తుంటే అందరికీ విసుగొస్తుంది.

తర్వాత మనుషులు. శనివారం మధ్యాహ్నం దాకా డ్యూటీ ఉండే ఆటగాళ్లు మీ జట్టులో ఎంతమంది? రెండు గంటల ప్రయాణం చేసి వచ్చే జట్టు 1:45 మ్యాచ్‌కి పొద్దున్న పదింటికల్లా బయల్దేరాలి. ఉదయం పిల్లల మ్యాచ్‌కి విజిల్ పట్టుకున్న రిఫరీయే మీ దగ్గరకీ రావాలేమో. అదే గ్రౌండ్ మీద ఉదయం ఇంకో జట్టు ఆడుతుంటే, మధ్యలో గీతలు మళ్లీ వెయ్యడానికి టైమ్ ఉందా? టికెట్ మీద, క్యాంటీన్ మీద వచ్చే డబ్బు కూడా చూడాలి. మధ్యాహ్నం మ్యాచ్‌కి జనం తగ్గితే కరెంటులో మిగిలింది గేటు దగ్గర పోతుంది. ఒకటి రెండు మ్యాచ్‌లు ముందుకు జరిపి చూసి, గేటు లెక్క పక్కన పెట్టుకుని అప్పుడు నిర్ణయించండి.

అవతలి క్లబ్‌కి ఫోన్ చేసినప్పుడు నాకు పనికొచ్చిన మాట ఒకటి చెబుతాను: “మీ గ్రౌండ్‌కి మేం వచ్చినప్పుడు మీరు ఎన్నింటికి పెట్టుకున్నా మేం వస్తాం.” వాళ్ల కరెంటు బిల్లు కూడా మన బిల్లులాగే ఉంది. ఈ మాట అన్నాక నాకు కాదన్నవాళ్లు చాలా తక్కువ.

ఇక గ్రౌండ్‌లో నిలబడి ఒకసారి సూర్యుడిని చూడండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య చలికాలపు సూర్యుడు కిందికి ఉంటాడు.  గోల్‌పోస్టుల్లో ఒకటి ఆ సూర్యుడికి ఎదురుగా ఉంటే అక్కడి గోల్‌కీపర్‌కి రెండో సగమంతా కళ్లలో ఎండే. టాస్ గెలిచినవాళ్లు అది చూసుకుంటారు. మీరు చెయ్యగలిగింది గోల్‌కీపర్లకి ముందుగా చెప్పి టోపీ తెచ్చుకోమనడం.

ఆరో పని: మ్యాచ్ రోజు ఒకే మనిషికి స్విచ్ అప్పగించండి

లైట్ల తాళం ఎవరి దగ్గరైనా ఉండొచ్చు అనుకుంటే, ఎవరో ఒకరు “ఎందుకైనా మంచిది” అని వేసేస్తారు. ఆ రోజుకి బాధ్యత ఒకరిదే అని ముందే చెప్పండి. మ్యాచ్‌కి ముందు ఆయన రిఫరీని కలిసి, ఈ రోజు లైట్లు లేకుండా ముగించాలని అనుకుంటున్నాం అని చెప్పాలి. హాఫ్ టైమ్‌లో ఇద్దరూ కలిసి ఆకాశం చూడాలి. లైట్లు వెయ్యాలా వద్దా అనే నిర్ణయం అప్పుడే జరగాలి. దీపాలు వేడెక్కడానికి పట్టే టైమ్ గుర్తుంది కదా, 75వ నిమిషంలో ఆలోచిస్తే ఆలస్యం.

రిఫరీ వెయ్యమంటే మారు మాట్లాడకుండా వెయ్యండి. వెలుతురు చాలకపోతే ఆట ఆపే అధికారం ఆటల నియమాల్లోనే ఆయనకి ఉంది. నియమాల ప్రకారం మధ్యలో రద్దయిన మ్యాచ్, లీగ్ నిబంధనల్లో వేరేగా చెప్పకపోతే, మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే. అది వారం మధ్యలో రాత్రి పూట, అన్ని లైట్లూ వేసుకుని. అన్నిటికంటే ముఖ్యంగా, మసక వెలుతురులో బంతి కనిపించక ఒక కుర్రాడి కాలు విరిగితే మీరు మిగిల్చిన యూనిట్లు ఎవరికీ అక్కర్లేదు.

విశ్రాంతి పావుగంట దాటకుండా చూడండి. మా దగ్గర ఎక్కువగా జారిపోయింది అక్కడే: జట్లు రావడం మూడు నిమిషాలు, లైన్స్‌మన్ రావడం ఇంకో రెండు. మైదానం లైట్లు ఆపినా నడిచే దారి, బాత్రూమ్‌లు, పార్కింగ్ లైట్లు విడిగా వెలిగేలా వైరింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రెండూ ఒకే సర్క్యూట్ మీద ఉంటే ముందు దాన్ని విడదీయించాలి. వృద్ధులు, పిల్లలు మెట్లు దిగేటప్పుడు చీకటి ఉండకూడదు.

ఏడో పని: ట్రైనింగ్ రాత్రులు

ఈ పని మేం ఆఖర్న మొదలుపెట్టాం, నిజానికి మొదటే పెట్టాల్సింది. లెక్క చూడండి. వారానికి రెండు రాత్రులు, రెండేసి గంటలు ట్రైనింగ్. అన్ని దీపాలూ వేస్తే వారానికి 200 యూనిట్లు, రెండు వారాలకి 400. అదే రెండు వారాల్లో హోమ్ మ్యాచ్ ఒక్కటే, 125. మ్యాచ్ టైమ్ గురించి అందరితో వాదించి 125 మిగుల్చుకుంటూ, మంగళవారం గురువారం 400 పారబోసుకున్నాం.

ట్రైనింగ్‌కి మ్యాచ్ అంత వెలుతురు అక్కర్లేదు. యూరప్‌లో క్రీడా మైదానాల వెలుతురుకి వాడే ఈఎన్ 12193 ప్రమాణంలో ఫుట్‌బాల్‌కి మూడు స్థాయిలు ఉన్నాయి: 500, 200, 75 లక్స్ (లక్స్ అంటే వెలుతురుని కొలిచే ప్రమాణం). ట్రైనింగ్, సరదా ఆటలు ఆఖరి స్థాయిలోకి వస్తాయి. మీ స్విచ్‌బోర్డులో స్తంభాలకి విడివిడిగా బ్రేకర్లు ఉంటే సగం దీపాలే వేసి, సగం మైదానంలో ట్రైనింగ్ పెట్టండి. అలా చేస్తే పై లెక్కలోనే రెండు వారాలకి 200 యూనిట్లు మిగులుతాయి, మ్యాచ్ జరపడం వల్ల మిగిలేదానికంటే ఎక్కువ. అయితే వెలుతురు మచ్చలు మచ్చలుగా పడకుండా ఏ దీపాలు వెయ్యాలో ఎలక్ట్రీషియన్‌తో ఒక రాత్రి నిలబడి చూసుకోండి. మా కోచ్ మొదట ఒప్పుకోలేదు. రెండు రాత్రులు సగం వెలుతురులో పాసింగ్ చేయించి చూశాక ఆయనే బ్రేకర్ల మీద రంగు టేపు అంటించాడు, ఆకుపచ్చవి మాత్రమే వెయ్యాలని గుర్తుగా.

ఎండలు మండే చోట ఉన్నవాళ్లకి ఒక మాట. సాయంత్రం మ్యాచ్‌ని మధ్యాహ్నానికి జరపడం మీకు పనికిరాదు, ఉదయానికి జరపాలి. ఎండ, గాలిలో తేమ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ అనే కొలత 32 డిగ్రీలు దాటితే కూలింగ్ బ్రేక్‌లు ఇవ్వాలని ఫిఫా పద్ధతి. ఆ విరామం ఒక్కో సగానికి మూడు నిమిషాల దాకా ఉంటుంది కాబట్టి దాన్ని కూడా 115కి కలపండి. కరెంటు కోసం కుర్రాళ్లని ఎండలో మాడ్చకండి. ఉదయం కుదరకపోతే లైట్ల కిందే ఆడించండి.

బిల్లు వచ్చాక డబ్బు చూడకండి, ధర మారి ఉండొచ్చు. యూనిట్లు చూడండి, కిందటి ఏడాది అదే నెలతో పోల్చండి, అప్పుడు ఎన్ని హోమ్ మ్యాచ్‌లు జరిగాయో కూడా పక్కన రాసుకోండి. డిమాండ్ ఛార్జీ ఉంటే ఆ నెల నమోదైన గరిష్ఠ లోడ్ విడిగా రాయండి. తగ్గకపోతే ఎవరో, ఎప్పుడో అన్ని లైట్లూ వేశారని అర్థం. మా మీటర్ గది తలుపు వెనక ఒక నోట్‌బుక్ దారంతో వేలాడుతూ ఉంటుంది. తేదీ, వేసిన టైమ్, ఆపిన టైమ్, రెండు రీడింగులు, ఎందుకు వేశారు, ఎవరు వేశారు. లైట్లు వెయ్యని మ్యాచ్ రోజు కూడా ఒక గీత గీసి, ఆఖరి విజిల్ ఎన్నింటికి పడిందో రాస్తాం. వచ్చే సీజన్ తేదీల పట్టిక వేసేటప్పుడు ఆ పేజీలే ముందు పెట్టుకుని కూర్చుంటాం.